ప్రఫుల్లచంద్ర రాయ్: పరీక్షకు నిలిచిన స్వదేశి

ప్రభుత్వ వైద్యశాలలకు కావలసిన రోగపరీక్షల సామగ్రిని విదేశములనుండి కొనవచ్చునా, కొనవలసివచ్చినచో ఎంతవరకు కొనవచ్చును అను ప్రశ్న నేడు మన దేశముననేగాక ఇతర దేశములందును చర్చనీయమై యున్నది. 2017వ సంవత్సరమున భారతప్రభుత్వమువారు తమ కొనుగోళ్లలో స్వదేశపు సరకునకు ప్రాధాన్యమొసగుచు ఉత్తరువు గావించిరి. 2020లో దానిని మరింత బిగించి, 200 కోట్ల రూపాయలకు లోబడిన కొనుగోళ్లకు సామాన్యముగా ప్రపంచ టెండర్లు పిలువరాదని నిర్ణయించిరి. 2025 జూన్ నెలలో ఐరోపా సమాఖ్య, 50 లక్షల యూరోలకు మించిన వైద్యపరికరముల ప్రభుత్వపు కొనుగోళ్లనుండి చైనా సంస్థలను తొలగించెను. మరుసటి నెలలోనే చైనాయు బదులుగా అట్టి నిర్బంధమునే విధించెను. ఈ వివాదమున వర్తకుల మాట వినబడుచున్నది, మంత్రుల మాట వినబడుచున్నది. పరీక్షకై రక్తమిచ్చి ఫలితమునకై వసారాలో కూర్చుండియున్న రోగి మాట మాత్రము వినబడుట లేదు.

ఇట్టి సమయమున మాకు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్‌గారి జీవితము జ్ఞప్తికి వచ్చుచున్నది. స్వదేశపు మందుల కర్మాగారమును స్థాపించిన మహనీయులుగా వారిని పాఠకులెల్లరును ఎరుగుదురు. కాని ఆ కర్మాగారమునకు తోడుగా వారు చేసిన పని మరియొకటి కలదు. అది అంతగా ప్రసిద్ధిలో లేదు. మా అభిప్రాయమున నేటి ప్రశ్నకు అదియే ఎక్కువ సంబంధించినది.

రాయ్‌గారు 1861 ఆగస్టు 2వ తేదీని, నేడు బంగ్లాదేశములోని ఖుల్నా జిల్లాలో చేరియున్న రారులి గ్రామమున జన్మించిరి. తండ్రి హరిశ్చంద్ర రాయ్ భూస్వామి, విద్యాభిమాని. బాల్యముననే తీవ్రమైన రక్తగ్రహణి సోకి చదువు మానవలసివచ్చినది. నాడు చెడిన ఆరోగ్యము మరల కుదుటపడలేదు. మితాహారముతోను, కాలనియమముతోను ఆ దుర్బలశరీరమును 82 ఏండ్లు నడిపించుకొని వచ్చిరి. 1882లో గిల్‌క్రైస్టు విద్యార్థివేతనమును సంపాదించి ఎడింబరోకు వెళ్లి, రసాయనశాస్త్రమున 1887లో డాక్టరు పట్టమును పొందిరి. 1888లో స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట సుమారు ఒక సంవత్సరము ఉద్యోగము లేక గడపవలసివచ్చినది. ఆ దినములలో జగదీశచంద్ర బోసుగారి యింటను వారికి ఆశ్రయము లభించెను. తుదకు 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలయందు నెలకు 250 రూపాయల జీతముపై సహాయాచార్య పదవి దొరకెను. ఉన్నతశ్రేణి ఉద్యోగములు ఆంగ్లేయులకు. అదే విద్య గడించిన భారతీయునకు క్రిందిశ్రేణి. ఈ అన్యాయమును గురించి వారు ఊరకుండలేదు. అయినను పని మాత్రము ఆపలేదు.

ఆ కాలమున బజారులోని నేయియు, ఆవనూనెయు కల్తీలమయమై యుండెను. ఏది కల్తీయో తేల్చవలెనన్నచో ముందుగా ఏది స్వచ్ఛమో తెలియవలెను గదా. ఐరోపా గ్రంథములలో వెన్నకు ప్రమాణములు కలవు. కాని అవి ఆ దేశపు ఆవుల పాలనుండి కట్టినవి. మన ఆవు తినెడు మేత వేరు, మన శీతోష్ణస్థితి వేరు. కాబట్టి రాయ్‌గారు పరుల కొలబద్దను అరువు తెచ్చుకొనక, ఆవును తమ యెదుటనే పిదికించి, వెన్న తీయించి, నూనెను తమ యెదుటనే ఆడించి, ఆ స్వచ్ఛమైన నమూనాలను పరీక్షించి, ప్రమాణములను తామే ఏర్పరచిరి. ఇందుకు కొన్ని సంవత్సరములు పట్టెను. ఆ ఫలితములు 1894లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడినవి. పాదరస నైట్రైటును కనుగొని 1896లో వారు గడించిన కీర్తి యెదుట ఈ నేతి పరీక్షలు చిన్నవిగా కనబడవచ్చును. మాకు మాత్రము అట్లు తోచుట లేదు.

ఈ పరిశోధన సాగుచుండగనే, 1892లో, అప్పర్ సర్క్యులర్ రోడ్డునందు తాము కాపురముండిన 91వ నంబరు అద్దెయింటిలో బెంగాల్ కెమికల్ అను కర్మాగారమునకు అంకురార్పణ జరిగెను. మూలధనము వేయి రూపాయలకు లోపే. మొదట నిమ్మరసమునుండి సిట్రిక్ ఆమ్లము తీయ యత్నించిరి గాని గిట్టుబాటు కాలేదు. తరువాత పశువుల యెముకలనుండి ఫాస్ఫేటు సోడాను చేయదలచి, కసాయివారియొద్ద బస్తాలకొలది యెముకలు కొని మిద్దెపై ఆరవేయించిరి. అంతలో వానలు కురిసెను. యెముకలు క్రుళ్లెను, పురుగులు పట్టెను, కాకులు మూగెను. ఇరుగుపొరుగువారు పురపాలకసంఘమునకు ఫిర్యాదు చేసెదమని బెదరించిరి. ఎడింబరో డాక్టరుగారు క్రుళ్లిన యెముకలను బండ్లకెత్తించి ఊరివెలుపలికి తరలించిన దృశ్యమును మా పాఠకులు ఊహించుకొందురు గాక. స్వదేశి అనగానే జెండాలు, ఉపన్యాసములు మనకు స్ఫురించును. దాని వాసన ఇట్టిది.

కళాశాలలో పాఠములు చెప్పి వచ్చి, సాయంకాలము మొదలు మందులు కాచుట వారి నిత్యకృత్యమయ్యెను. సరకు తయారైనది, కాని కొనువారేరి? మందుల వర్తకులు విదేశపు చీటీ లేని సీసాను ముట్టుకొనుటకు సందేహించిరి. ఆ యిబ్బందిలో సహాధ్యాయియు వైద్యుడునైన అమూల్యచరణ్ బోసు తోడుపడెను. అతడు తోడి వైద్యులను ఒప్పించి, అడ్డసరము, నేలవేము, వాము మొదలైన దేశీయౌషధములను నవీనరీతిని తయారుచేయించి వాడుకలోనికి తెచ్చెను. బ్రిటిష్ ఫార్మకోపియా ప్రకారము చేయు మందులలో ఏ సీసాయు ఆ గ్రంథపు ప్రమాణమునకు తగ్గరాదని రాయ్‌గారి పట్టుదల. దేశభక్తికై కొనుడని వైద్యుని ప్రార్థించుట వారి పద్ధతి కాదు. పరీక్షించి చూచుకొనుడని సీసాను చేతికిచ్చుట వారి పద్ధతి. 1898లో అమూల్యచరణుడు ప్లేగుచే మరణించెను. సతీశచంద్ర సింహుడను మరియొక సహచరుడు ప్రయోగశాలలో విషరసాయనమునకు బలియయ్యెను. ఇన్ని దెబ్బలకు తాళుకొని 1901లో ఆ కర్మాగారము లిమిటెడ్ కంపెనీగా మారెను. తరువాత మాణిక్‌తలలో విశాలమైన కట్టడములు లేచినవి. రాజశేఖర బసు దానికి యాజమాన్యము వహించెను. పగలు ఆమ్లముల లెక్క చూచి, పరశురాముడను పేరుతో వంగదేశమును కడుపుబ్బ నవ్వించినవాడు ఈయనయే.

ఇక ప్రభుత్వమువారి సంగతి. ఆ రోజులలో సర్కారుకు కావలసిన సామగ్రిలో అధికభాగము లండనులోని ఇండియా ఆఫీసు సామగ్రిశాఖ ద్వారా కొనబడుచుండెను. అనగా మన పన్నుల ధనము ఆంగ్లదేశపు కర్మాగారములకు నిలుకడయైన బేరమై, ఇచ్చటి కర్మాగారములకు మూసిన తలుపై యుండెను. 1914లో మహాయుద్ధము వచ్చి ఓడలు తగ్గిన పిమ్మటగాని స్వదేశపు ఆమ్లములును, మందులును కంటికి ఆనలేదు. కాబట్టి ప్రభుత్వపు కొనుగోలు స్వదేశపరిశ్రమను నిలుపవలెనను వాదముతో మేము పూర్తిగా ఏకీభవించుచున్నాము. రాయ్‌గారి కర్మాగారమునకు తొలి ఇరువది యేండ్లు అట్టి ఊతము లభించియుండినచో అది ఎంత విస్తరించియుండెడిదో.

అయినను ఈ కథకు రెండవ ప్రక్క యొకటి కలదు. 1930లో నియమితమైన చోప్రా సంఘము మందుల నాణ్యమును విచారించినపుడు, దిగుమతియైన వానియందును, ఇచ్చట చేసిన వానియందును నాసిరకములు బయటపడినవి. దాని ఫలితముగ 1940లో మందుల చట్టము వచ్చినది. మోసమునకు స్వదేశము, విదేశము అను భేదము లేదు.

2020 ఏప్రిల్ నెలను మరువగలమా? కరోనా విజృంభించుచుండగా చైనానుండి లక్షలకొలది శీఘ్రపరీక్షా కిట్లు తెప్పింపబడినవి. ఫలితములు నమ్మదగినవిగా లేవని రాజస్థాన్‌నుండి ఫిర్యాదు రాగా, భారత వైద్యపరిశోధనా మండలివారు ముందు వాని వాడకమును నిలిపి, పిదప రెండు సంస్థల కిట్లను త్రిప్పి పంపుడని రాష్ట్రములకు వ్రాసిరి. అంతకుముందు నెలలోనే పుణే నగరపు సంస్థ యొకటి స్వదేశపు ఆర్‌టీపీసీఆర్ కిట్టునకు అనుమతి పొందెను. విశాఖపట్టణపు మెడ్‌టెక్ జోన్‌నందును కిట్ల తయారీ సాగెను. విదేశపు సరకును మూయుడనువారు ఈ ఉదాహరణమునే చూపుదురు. మేమును చూపుదుము. కాని ఆ కిట్లను పనికిరానివని తేల్చినది వానిపైనున్న దేశనామము కాదు, మన వైద్యులు చేసిన పరీక్ష. ఆ పరీక్ష కొనుగోలునకు ముందే సంపూర్ణముగ జరిగియుండినచో కాలము, ధనము మిగిలెడివి.

స్వదేశపు కిట్టుకును అదే న్యాయము. మధుమేహమో, క్షయయో, కామెర్లో లేదని కాగితముపై వ్రాసి యిచ్చిన పిమ్మట రోగి ఆ మాట నమ్మి ఇంటికి పోవును. ఆ కాగితము తప్పైనచో దానిని వ్రాయించిన కిట్టు ఏ దేశమున పుట్టినను అతనికి ఒక్కటియే. కావున కొనుగోలుపై నిర్బంధము విధించు ప్రభుత్వమువారు, నోయిడాలోని జాతీయ బయలాజికల్సు సంస్థవంటి పరీక్షాశాలలను ప్రతి ప్రాంతమునందును నెలకొల్పి, మన ప్రజల రక్తనమూనాలపైననే ప్రతి కిట్టును పరీక్షింపించి, ఫలితములను బహిరంగముగ ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. అందుకు ధనము కేటాయింపక నిర్బంధమును మాత్రము విధించుట సగము పని.

రాయ్‌గారు 1916లో ప్రెసిడెన్సీ కళాశాలను విడిచి విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలలో చేరిరి. 60వ యేడు నిండినది మొదలు తమ జీతమును విశ్వవిద్యాలయమునకే విడిచిపెట్టిరి. 1922లో ఉత్తర వంగదేశమున వరదలు వచ్చినపుడు సహాయకార్యమునకు నాయకత్వము వహించిరి. 1924లో భారత రసాయనశాస్త్ర సంఘమును స్థాపించిరి. వివాహము చేసికొనలేదు. ఆ సైన్సు కళాశాలలోనే ఒక గదియందు, ముతక ఖద్దరుతో, శిష్యుల నడుమ కాపురముండిరి. 1944 జూన్ 16వ తేదీని ఆ గదిలోనే కన్నుమూసిరి.