జ్వరంలో మందు వెతికిన సర్జన్

ఇమ్యునోథెరపీ అనే మాట ఈ మధ్య మీరు తరచూ వింటుంటారు. మన రోగనిరోధక శక్తితోనే కేన్సర్‌ను ఎదుర్కొనే ఈ పద్ధతికి ఆద్యుడిగా చెప్పే విలియం కోలీ ఎముకల కేన్సర్లకు ఆపరేషన్లు చేసిన సర్జన్.

1862లో అమెరికాలోని కనెక్టికట్‌లో పుట్టిన కోలీ, హార్వర్డ్‌లో వైద్యం చదివి న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. 1890లో 17 ఏళ్ల అమ్మాయి చేతి వాపుతో ఆయన దగ్గరికొచ్చింది. సార్కోమా అని తేలింది. చేయి తీసేసినా వ్యాధి ఒళ్లంతా పాకి, కొన్ని నెలల్లోనే కన్నుమూసింది.

కలత చెందిన కోలీ ఆస్పత్రి పాత రికార్డులు తిరగేశారు. మెడ మీద సార్కోమాకు పలుమార్లు ఆపరేషన్ చేయించుకున్న ఒక రోగి వివరాలు దొరికాయి. అతనికి ఎరిసిపెలాస్ అనే చర్మ ఇన్ఫెక్షన్ సోకి తీవ్ర జ్వరం రాగా, కణితి మాయమైంది. కోలీ పేదల వాడల్లో ఇల్లిల్లూ తిరిగి అతన్ని వెతికి పట్టుకున్నారు. ఏడేళ్ల తర్వాత కూడా నిక్షేపంగా ఉన్నాడు!

1891లో కోలీ రోగులకు బతికున్న స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా ఎక్కించడం మొదలుపెట్టారు. కొందరిలో కణితి తగ్గింది. ఇద్దరు మాత్రం ఆ ఇన్ఫెక్షన్‌తోనే చనిపోయారు. దాంతో రెండు రకాల బ్యాక్టీరియాను చంపి మందు తయారుచేశారు. 1893లో పొట్టలో పెద్ద కణితి ఉన్న 16 ఏళ్ల కుర్రాడికి ఇచ్చారు. అతను కోలుకుని మరో 26 ఏళ్లు బతికాడు.

అయితే ఈ మందు అందరికీ ఒకేలా పనిచేయలేదు. ఎందుకు పనిచేస్తుందో కోలీ చెప్పలేకపోయారు. రేడియేషన్ రావడంతో ఆదరణ తగ్గింది. 1936లో ఆయన కన్నుమూశారు. కూతురు హెలెన్ తండ్రి కేసులన్నీ సేకరించి, 1953లో కేన్సర్ పరిశోధన సంస్థను నెలకొల్పారు.

జవాబులో ముఖ్యమైన భాగం 1975లో న్యూయార్క్‌లోనే దొరికింది. బ్యాక్టీరియా పైపొరలోని పదార్థాలు తగలగానే మన రోగనిరోధక కణాలు టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. అది కణితికి రక్తం అందించే నాళాలను దెబ్బతీస్తుంది. కొన్ని కేన్సర్ కణాలకు చనిపొమ్మన్న సంకేతాన్నీ అందిస్తుంది. అదే ప్రొటీన్ ఒళ్లంతా ఎక్కువైతే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మందుకీ విషానికీ మధ్య గీత అంత సన్నన!

అందుకే జ్వరమొస్తే కేన్సర్ తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కీమోథెరపీ తీసుకుంటున్నవారికి జ్వరమొస్తే అది అత్యవసర పరిస్థితి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. మూత్రాశయ కేన్సర్ తొలిదశలో డాక్టర్ బీసీజీ మందు రాస్తే మాత్రం కంగారుపడకండి. పిల్లలకు టీకాగా వేసే ఆ బ్యాక్టీరియాను బతికుండగానే, బలహీనపరిచి, మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. కోలీ పట్టుకున్న దారి అదే.