కడుపుమంట లేని మాత్ర కోసం...

ఫెలిక్స్ హాఫ్‌మన్ 1868లో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌లో పుట్టారు. మ్యూనిక్‌లో ఫార్మసీ, కెమిస్ట్రీ చదివి 1894లో బేయర్ కంపెనీలో చేరారు. అప్పట్లో కీళ్లవాతానికి శాలిసిలిక్ ఆమ్లం ఇచ్చేవారు. నొప్పి తగ్గేది గానీ కడుపులో మంట, వికారంతో రోగులు అల్లాడేవారు. హాఫ్‌మన్ తండ్రిదీ అదే అవస్థ అని, అది చూడలేకే ఆయన వేరే మందు కోసం ప్రయత్నించారని చెబుతారు.

1897 ఆగస్టులో ఆయన ఆ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి, శుద్ధమైన అసిటైల్ శాలిసిలిక్ ఆమ్లం తయారుచేశారు. 1899లో దానికి ఆస్పిరిన్ అని పేరు పెట్టారు. అది తన సూచనతోనే జరిగిందని సహోద్యోగి ఆర్థర్ ఐషన్‌గ్రూన్ తర్వాత చెప్పారు. ఆ వాదన నేటికీ తేలలేదు. హాఫ్‌మన్ తర్వాత మందుల అమ్మకాల విభాగానికి మారి, 1928లో రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. 1946లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూశారు.

కొత్త మందుతో మంట తగ్గింది గానీ ముప్పు పోలేదు. ఎందుకో 1971లో జాన్ వేన్ పరిశోధనతో తెలిసింది. నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లను ఈ మందు తయారు కానివ్వదు. కడుపు లోపలి పొరను కాపాడేవి, కిడ్నీలకు రక్తం అందేలా చూసేవి కూడా అవే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పనిచేసేదీ ఇలాగే.

అందుకే ‘తిన్నాకే వేసుకుంటున్నాం కదా’ అని ధీమా వద్దు. తింటే మంట తగ్గొచ్చు. కానీ మందు రక్తంలో కలిశాకా హాని చేస్తుంది కాబట్టి అల్సర్ ముప్పు అలాగే ఉంటుంది. ఇంజెక్షన్‌తోనూ అంతే.

ఈ జాగ్రత్తలు పాటించండి:

• అల్సర్, కిడ్నీ జబ్బు, గుండెజబ్బు, బీపీ, ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు, వృద్ధులు డాక్టర్‌ని అడగకుండా పెయిన్ కిల్లర్లు వాడొద్దు.

• ఒకేసారి రెండు రకాలు వేసుకోవద్దు.

• డెంగీ అనుమానం ఉంటే వీటి జోలికి పోవద్దు. జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వొద్దు.

• గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపొద్దు.

• విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. వాడుతున్న మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.