పండితుని పాట – సంఘము నోట

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 14:15

ఆత్మతో పాడుటయు మనస్సుతో పాడుటయు విడదీయరానివని పౌలు కొరింథు సంఘమునకు బోధించెను. ఈ రెండును ఒక్క సేవకునిలో ఎట్లు కూడియుండెనో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. మన కీర్తనకారుడు పురుషోత్తమ చౌధరి గారి జీవితము చూచిన చాలును.

ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములో జన్మించిరి. తెలుగు, ఒడియా, సంస్కృత భాషలు నేర్చిరి. సువార్త పత్రికలు చదివి, రక్షకుని వెదకి, 1833లో, 30 ఏండ్ల ప్రాయమున, కటకములో బాప్తిస్మము పొందిరి. ఆ దినములలో బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందుట యనగా పంక్తిని, బంధువులను, ఊరిలో గౌరవమును పోగొట్టుకొనుటయే. పిమ్మట శ్రీకాకుళము, విశాఖపట్టణము, బరంపురము ప్రాంతములలో బహుకాలము సువార్త ప్రకటించి, 1890లో ప్రభువునందు నిద్రించిరి.

చదువుకొన్నవారి కొరకు ఆయన యేసు నాయక శతకము వ్రాసిరి. సంఘము కొరకు మాత్రము 100కి పైగా కీర్తనలు కట్టిరి. భేదము గమనించుడి. పద్యము ఒకరు చదువగా పదిమంది విందురు. కీర్తనలో పల్లవి మరల మరల వచ్చును గనుక, అక్షరము రానివాడును రెండవ చరణమునకే గొంతు కలుపును. పాశ్చాత్య రాగములలో తెలుగు మాట తరచు ఇమడదు. దీర్ఘమున్నచోట రాగము కురుచయై, హ్రస్వమున్నచోట సాగును. చౌధరి గారు మన రాగతాళములలోనే పాట కట్టిరి. నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటల తలమీద రాగము, తాళము కనబడుచున్నవి.

ఇంత నేర్పు ఆయనను ఎత్తిచూపుటకు గాక, ఎదుటివాని నోట స్తుతి పెట్టుటకు వినియోగపడెను. పాపి మొఱ్ఱ ఆయన పాటలో నిజముగా వినబడుటకు కారణము, ఆ పాటకు వెల ఆయన జీవితములోనే చెల్లింపబడెను.

ప్రియులారా, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల మన సంఘములలో నేడు కీబోర్డులు, మైకులు వచ్చినవి. ఇవి తప్పు కావు. అయితే పాడువారు నలుగురై, తక్కినవారు వినువారైనచో, ఆ ఆరాధన ఎవరిది? మరియొక ప్రక్క, సాధన చేయక వచ్చి, శ్రుతి తప్పి, హృదయము మంచిదైన చాలునని చెప్పుటయు భక్తి కాదు, సోమరితనము. సిరిసిల్ల మగ్గము నెరిగినవారికి వేరుగా చెప్పనేల? పడుగు ఒక్కటే గుడ్డ కాదు, పేక ఒక్కటే గుడ్డ కాదు.

కాబట్టి గాయక బృందము ఆదివారమునకు ముందే కూడి సాధన చేయవలెను. క్రొత్త పాటయైన పల్లవిని సంఘముచేత రెండు మూడు మారులు పాడింపవలెను. శ్రుతి వృద్ధులకును పిల్లలకును అందునట్లు పెట్టవలెను. సంఘము గొంతెత్తినప్పుడు మైకు తగ్గవలెను. అన్నిటికంటె ముందు, పాడువాని ఇంట నీతియు సమాధానమును ఉండవలెను. నీతి లేని పాటలను దేవుడు వినడని ఆమోసు ప్రవచనము 5వ అధ్యాయము హెచ్చరించుచున్నది.

సోమవారము బీడీలు చేయుచు కూర్చున్న తల్లి పెదవులమీద ఆదివారపు పల్లవి నిలిచినదా? నిలిచినయెడల మన నేర్పు ప్రభువునకు చెందినది.