జస్టిస్ కోకా సుబ్బారావు: పాస్‌పోర్టును హక్కుగా నిలిపిన న్యాయమూర్తి

హజ్ యాత్రకు వెళ్ళాలన్నా, బ్రతుకుతెరువు కోసం కువైట్‌కో సౌదీకో పోవాలన్నా ముందుగా కావలసింది పాస్‌పోర్టు. కడప జిల్లాలో లింగాల మొదలు ప్రొద్దుటూరు దాకా ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. అయితే 1967కు ముందు పాస్‌పోర్టు ఇవ్వడానికీ, నిరాకరించడానికీ, ఇచ్చినదాన్ని వెనక్కు తీసుకోవడానికీ మన దేశంలో చట్టమంటూ లేదు. అంతా ప్రభుత్వం ఇష్టం. ఆ పరిస్థితిని మార్చిన తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు.

ఆయన 1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. అక్కడి ఆర్ట్స్ కళాశాలలో చదివి, మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించారు. కొద్దికాలం బాపట్లలో జిల్లా మునసబుగా ఉన్నారు. తరువాత మద్రాసులో వకీలుగా పేరు గడించి, 1948లో అక్కడి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో ఆ కోర్టు హైదరాబాదుకు తరలినప్పుడూ ఆ బాధ్యత ఆయనదే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అధిష్ఠించారు. ఆ పదవి పొందిన తొలి తెలుగువారు ఆయనే.

చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించరాదన్నది రాజ్యాంగం 21వ అధికరణ సారాంశం. వ్యక్తిగత స్వేచ్ఛ అంటే ఏమిటి? జైల్లో పెట్టకుండా ఉంటే చాలునా? ఆ రెండు మాటలకు సుప్రీంకోర్టు ఎంత అర్థం చెబితే పౌరునికి అంతే దక్కుతుంది.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రివేళ తలుపు తట్టి లేపడం, ఎక్కడికి పోయినా కనిపెట్టి ఉండడం సాగింది. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటి మీదికి రావడం చెల్లదని అందరూ అంగీకరించారు. కదలికలను కనిపెట్టడం మాత్రం స్వేచ్ఛకు భంగం కాదని నలుగురు భావించారు. సుబ్బారావు, జస్టిస్ షా ఏకీభవించలేదు. పోలీసు నీడ వెంటాడుతుంటే, కాళ్ళకు సంకెళ్ళు లేకపోయినా మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని సుబ్బారావు అభిప్రాయం. వ్యక్తిగత గోప్యత కూడా స్వేచ్ఛలో భాగమేనన్నారు. ఆనాడు ఆ మాట నెగ్గలేదు.

పాస్‌పోర్టు కేసులో నెగ్గింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే దిగుమతి వ్యాపారిని ప్రభుత్వం 1966లో పాస్‌పోర్టు అప్పగించమన్నది. విదేశయానం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని అడ్డుకోరాదని 1967 ఏప్రిల్ 10న ఐదుగురిలో ముగ్గురి మెజారిటీతో సుబ్బారావు తీర్పు ఇచ్చారు. విభేదించిన ఇద్దరిలో జస్టిస్ హిదాయతుల్లా ఒకరు. 1968లో తొలి ముస్లిం ప్రధాన న్యాయమూర్తి అయినది వారే. చిత్రమేమంటే, ఆరు వారాల ముందు గోలక్‌నాథ్ కేసులో హిదాయతుల్లా సుబ్బారావు పక్షానే నిలిచారు. రాజ్యాంగ సవరణ ద్వారా కూడా ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించరాదని ఆరుగురు, తగ్గించవచ్చునని ఐదుగురు తేల్చిన కేసు అది. భూసంస్కరణలకు అడ్డంకి అవుతుందని ఆ తీర్పును చాలామంది విమర్శించారు. 1973లో పదమూడుగురి ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. అయితే రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చరాదని హద్దు గీసింది.

పాస్‌పోర్టు తీర్పు ఇచ్చిన మర్నాడే సుబ్బారావు రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. న్యాయపీఠం నుంచి నేరుగా ఎన్నికల్లోకి దిగడం తగదన్న ఆక్షేపణ వచ్చింది. ఆయన ఓట్ల విలువ 3,63,971. హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 4,71,244తో గెలిచి, దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి అయ్యారు.

సుబ్బారావు 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో కన్నుమూశారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించారు. ఖరక్ సింగ్ కేసులో ఇద్దరే పలికిన మాట 55 ఏళ్ళకు దేశమంతటికీ వర్తించింది.

పాస్‌పోర్టు తీర్పు తరువాత 1967లోనే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేసింది. దాని ప్రకారం దరఖాస్తు తిరస్కరించే అధికారి కారణాలు రాసి ఉంచాలి. దేశభద్రత వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, అడిగితే వాటి నకలు ఇవ్వాలి. పై అధికారికి అప్పీలు కూడా చేసుకోవచ్చు. దళారుల చేతుల్లో డబ్బు పోసే ముందు మన పిల్లలు ఈ హక్కు తెలుసుకోవాలి.