వేళ్ల చెలిమిని కనుగొన్న ఫ్రాంకు పండితుడు

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల మెట్టచేలలో కందిమొక్కను వేళ్లతో మెల్లగా పెల్లగించి చూచినచో, వేళ్లపై చిన్నచిన్న బుడిపెలు కానవచ్చును. అవి తెగులు కావు. గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చు సూక్ష్మజీవుల నివాసములు. కంటి కగపడని శిలీంధ్రపు పోగులును ఆ వేళ్లలో చొచ్చి, దూరపు మట్టినుండి భాస్వరమును తెచ్చి యిచ్చుచుండును. మొక్క ప్రతిఫలముగా ఉభయులకును చక్కెర నొసగును. ఈ చెలిమిని పరిశోధించిన వారిలో ముఖ్యుడగు ఆల్బెర్ట్ బెర్నార్డ్ ఫ్రాంకు జీవితమును సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఈయన 1839వ సంవత్సరమున జర్మనీదేశపు డ్రెస్డెన్ నగరమున జన్మించెను. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము నభ్యసించి, 1881లో బెర్లిన్ వ్యవసాయ కళాశాలయం దాచార్యుడయ్యెను. ట్రఫుల్ అనునది మట్టిలోపల పెరుగు విలువగల పుట్టగొడుగు. దానిని సాగుచేయు మార్గము కనుగొనుమని ప్రష్యా ప్రభుత్వ మీయనను కోరెను. ఆ సాగు ఫలింపలేదు. కాని అడవిచెట్ల వేళ్లను పరీక్షించుచుండగా, వానిని శిలీంధ్రము తొడుగువలె కప్పియుండుట ఈయన గమనించెను. చెట్లు మాత్రము ఏపుగా నుండెను!

బూజు పట్టిన వేరు చెడిన వేరని తలచు దినములవి. ఇది రోగము కాదు, పరస్పర సాహాయ్యమని 1885లో ఫ్రాంకు ప్రకటించి, దానికి మైకోరైజా యని పేరిడెను. పండితులు పెక్కురు ఒప్పుకొనలేదు. ఈయన దేవదారుజాతి మొక్కలను కొన్నిటిని శిలీంధ్రములు చచ్చునట్లు వేడిచేసిన మట్టిలోను, కొన్నిటిని మామూలు మట్టిలోను పెంచెను. మామూలు మట్టిలోనివే బాగుగా నెదిగెను.

ఇట్టి బుద్ధిశాలియు మఱియొకచోట పొరపడెను. పప్పుజాతి మొక్కలు బుడిపెల మూలమున గాలినుండి నత్రజనిని పొందునని 1886లో హెల్‌రీగల్ చాటెను. ఫ్రాంకు దీనిని పూర్తిగా నంగీకరింపక, ఆ శక్తి మొక్కల కన్నిటికి నున్నదని వాదించెను. 1888లో బైజరింక్ ఆ సూక్ష్మజీవిని వేఱుచేసి పెంచెను. దానికి 1889లో రైజోబియమను పేరిడినవాడు ఫ్రాంకే! 1900లో ఈయన బెర్లిన్ నగరమున మరణించెను.

తన క్రొత్తమాటను లోకము కాదనగా పట్టు విడువనివాడే, ఒరుని క్రొత్తమాటను తాను కాదనెను. రెండింటను తీర్పు చెప్పినది పాండిత్యము కాదు, మట్టియే.

కావున విద్యార్థులారా! వచ్చు వానకాలమున ఒక కందిబుడిపెను చీల్చి చూడుడు. లోపల ఎఱ్ఱగా నున్నచో అది పనిచేయుచున్నదని గుర్తు. మా మాట నమ్ముటకన్న మీ కన్నులతో చూచుటయే మేలు.