జార్జి సైమన్ ఓమ్

బ్యాటరీతో నడచు రోబోలను నిర్మించి విద్యార్థులు నేఁడు పోటీలలో పాల్గొనుచున్నారు. బ్యాటరీ 12 వోల్టులదైనను మోటారుకు 12 వోల్టులును చేరవు. నడుమనున్న తీఁగ కొంత హరించును. ఎంత హరించునో ముందుగనే లెక్కించు మార్గమును లోకమునకుఁ జూపినవాఁ డొక పాఠశాలోపాధ్యాయుఁడు. ఆయన చరిత్రము బాలబాలికలు తెలిసికొనఁదగినది.

ఓమ్ 1789వ సంవత్సరము మార్చి 16వ తేదీన జర్మనీ దేశమందలి ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాఁడు. ఆయన స్వయంకృషిచే గణితము నేర్చి కుమారులకు బోధించెను. ఓమ్ పదియేండ్ల ప్రాయముననే తల్లిని గోల్పోయెను. 1811లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను. 1817లో కొలోన్ నగరపు పాఠశాలయందు గణిత భౌతికశాస్త్రముల నుపాధ్యాయుఁ డయ్యెను.

అచ్చటి ప్రయోగశాలలో, తీఁగ పొడవు పెరిగినకొలఁది విద్యుత్ప్రవాహ మెట్లు తగ్గునో పరిశోధింప నారంభించెను. 1825లో ప్రకటించిన మొదటి సూత్రము సరియైనది కాదు. ఆనాఁటి ఘటముల బలము నిలుకడగా నుండకపోవుటయే దానికిఁ గారణము. పోగ్గెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సలహాపై ఓమ్ ఘటమును విడిచి, బిస్మతు రాగి లోహముల నతికి, ఒక అతుకును మరుగు నీటియందును, రెండవదానిని మంచునందును ఉంచి నిలుకడగల ప్రవాహమును సంపాదించెను. ఒకే లావుగల ఎనిమిది రాగి తీఁగలతో మరల కొలిచెను. వానిలో పొట్టిది 2 అంగుళములు, పొడవైనది 130 అంగుళములు. ఇట్లు తన తప్పును తానే దిద్దుకొని 1826లో సత్యమును ప్రకటించెను; 1827లో గ్రంథముగా వెలువరించెను.

కాని స్వదేశమున పలువురు పండితులు దానిని ఆదరింపలేదు. కోరిన విశ్వవిద్యాలయ పదవి లభింపలేదు. 1828లో కొలోన్ ఉద్యోగమును వదలుకొని, బెర్లినులో చిన్న ఉద్యోగముతోఁ గాలము గడపెను. 1833లో న్యూరెంబర్గు పాలిటెక్నిక్ పాఠశాలలోఁ జేరెను. 1841లో లండను రాయల్ సొసైటీవారు కోప్లీ పతకము నొసఁగిరి. 1852లో మ్యూనిక్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుఁడై, రెండేండ్లకే, 1854 జూలై 6వ తేదీన, పరమపదించెను. 1881లో పారిస్ నగరమునఁ గూడిన విద్యుచ్ఛాస్త్రజ్ఞుల సభ నిరోధపు కొలమానమునకు ఆయన పేరు పెట్టెను.

ఆయన సూత్రము సులభము: ప్రవాహమును నిరోధముచే గుణించినచో తఱుగు వోల్టులు వచ్చును. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీఁగకు మీటరు కొకటికి నిరోధము సుమారు 0.007 ఓము. మోటారు బ్యాటరీకి మీటరు దూరముననున్నచో రాకపోకలకు రెండు మీటర్లు, నిరోధము 0.014 ఓము. మోటారు 50 ఆంపియర్లు లాగునపుడు 0.7 వోల్టు తీఁగలోనే పోవును. అది 35 వాట్ల వేఁడిమిగా మాఱును. తీఁగ లావును రెట్టింపు వైశాల్యమునకుఁ బెంచినను, పొడవును సగమునకుఁ దగ్గించినను, ఈ నష్టము సగమగును.

పోటీలో రోబో నీరసించినప్పుడు బ్యాటరీని నిందింపక మున్ను తీఁగను కొలిచి చూడుఁడు. మొదటి లెక్క తప్పినను సిగ్గుపడక మరల కొలుచుటయే ఆ యుపాధ్యాయుఁడు మనకు విడిచిపోయిన పాఠము.