కార్డోవా ప్రభువు అబ్దుర్ రహమాను

ఆసియాఖండమునకు పశ్చిమభాగమున సిరియాదేశము కలదు. దానికి డమాస్కసు రాజధాని. క్రీ.శ. 661 మొదలు 750 వరకు ఉమయ్యదు వంశమునకు చెందిన ఖలీఫాలు సిరియానుండి ఒక మహాసామ్రాజ్యమును పాలించిరి. వారి యధికారము తూర్పున సింధునదీ ప్రాంతము మొదలుకొని పడమట అట్లాంటికు సముద్రతీరము వరకు వ్యాపించియుండెను. 711వ సంవత్సరమున వారి సేనలు జిబ్రాల్టరు జలసంధిని దాటి స్పెయినుదేశమున ప్రవేశించినవి. ఆ సేనలలో అరబ్బులు కొందరును, ఉత్తరాఫ్రికావాసులగు బెర్బెరులు పెక్కండ్రును ఉండిరి. ఐరోపావాసులు వీరినందరను కలిపి మూరులని పిలిచిరి. ఆ మూరులకు స్పెయినున స్థిరమైన రాజ్యమును నెలకొల్పినవాడు అబ్దుర్ రహమాను.

ఇతడు 731వ సంవత్సరమున సిరియాలో జన్మించెను. హిషాము ఖలీఫాకు ఇతడు మనుమడు. బాల్యముననే తండ్రి గతించుటచే తాతగారి పోషణలో పెరిగెను. హిషాము ఖలీఫాకు నగరవాసముకంటె రుసాఫా అను చోటనున్న భవనము ప్రియమైనది. ఆ భవనమును, దాని పరిసరములును బాలుని మనస్సున చెరగని ముద్ర వేసినవి. ఇతని తల్లి ఉత్తరాఫ్రికాలోని నఫ్జా తెగకు చెందిన బెర్బెరు స్త్రీ. రాజకుమారుడు సుఖముగ నున్నంతకాలము ఈ మాతృబంధుత్వమునకు ప్రత్యేకమగు ప్రయోజనము కానరాలేదు. కాని కష్టకాలమున అదియే అతనికి ఆశ్రయమైనది.

750వ సంవత్సరమున ఉమయ్యదులకు దుర్దశ ప్రాప్తించెను. వారికి ప్రతిపక్షులైన అబ్బాసీలు నల్లజెండాల నెత్తి తిరుగబడి, జాబు నదీతీరమున జరిగిన యుద్ధమున ఉమయ్యదు ఖలీఫాను ఓడించిరి. అంతటితో వారి పగ చల్లారలేదు. ఉమయ్యదు వంశీయులను ఊరూర వెదకి సంహరింప దొడగిరి. పాలస్తీనాలో ఒకచోట అభయమిచ్చి విందునకు పిలిచి, వచ్చినవారిని చంపించిరి.

అప్పటికి అబ్దుర్ రహమానునకు పందొమ్మిది యేండ్లు. అతడు యూఫ్రటీసు నదీతీరమున ఒక పల్లెయందు తమ్మునితో, పసివాడగు తన కుమారునితో దాగియుండెను. కండ్లకలకచే బాధపడుచు చీకటిగదిలో పరుండియుండగా, నాలుగేండ్ల కుమారుడు ఏడ్చుచు వచ్చి అతనిని కౌగిలించుకొనెను. ఏమైనదోయని బయటికి వచ్చి చూడగా నల్లజెండాలు పల్లెను సమీపించుచున్నవి. బిడ్డను తన సోదరీమణుల కప్పగించి, తమ్మునితో నది యొడ్డునకు పరుగెత్తెను. ఆశ్వికులు వెంటబడిరి. అన్నదమ్ములిద్దరు నీటిలో దుమికి ఈదసాగిరి. హాని చేయము, తిరిగి రండని ఒడ్డుననున్నవారు పిలిచిరి. పదుమూడేండ్ల తమ్ముడు అలసి, భయపడి, ఆ మాటలు నమ్మి వెనుదిరిగెను. అన్న ఎంత వారించినను అతనికి వినబడలేదు. అవతలి గట్టు చేరిన అబ్దుర్ రహమాను చూచుచుండగనే ఆ బాలుని శిరస్సును శత్రువులు ఖండించిరి.

ఆనాటినుండి రాజకుమారుడు బాటసారి యయ్యెను. బదరు అను విశ్వాసపాత్రుడైన సేవకుడు సోదరి పంపిన కొంత ధనముతో వచ్చి అతనిని కలిసికొనెను. వారు పాలస్తీనాను, ఈజిప్టును దాటి ఉత్తరాఫ్రికాను ప్రవేశించిరి. అచటి పాలకుడు తొలుత ఉమయ్యదులకు ఆశ్రయమిచ్చియు, పిమ్మట వారివలన తన పదవికి ముప్పు కలుగునని తలచి వారిని పట్టింపజూచెను. రాత్రులు నడచుచు, పగళ్ళు దాగుచు, గుడారమునుండి గుడారమునకు తరలుచు అబ్దుర్ రహమాను పడమటికి సాగిపోయెను. తుదకు సముద్రతీరమున తల్లి పుట్టినింటివారగు నఫ్జా తెగవారు అతనిని తమ బిడ్డగా భావించి ఆదరించిరి. ఇట్లు ఇంచుమించు ఐదేండ్లు దేశాటనమున గడచినవి. గ్రంథములు నేర్పని పాఠములను ఈ యాత్ర అతనికి నేర్పినది. పరభాషలు, పరుల యాచారములు, పేదల గుడిసెలోని అన్నపురుచి, మనుష్యుల మాటలలో నమ్మదగిన దేదియో నమ్మరాని దేదియో అతడు తెలిసికొనెను.

నఫ్జాలకడనుండి చూచిన సముద్రమునకు ఆవలియొడ్డే స్పెయిను. అచట సిరియానుండి వచ్చి స్థిరపడిన సైనికులు కలరు. వారిలో ఉమయ్యదుల ఉప్పు తిన్నవారు పెక్కుమంది. అబ్దుర్ రహమాను బదరును వారికడకు రాయబారిగా పంపెను. వారు సహాయము చేయుట కంగీకరించి ఓడను పంపిరి. 755వ సంవత్సరమున అతడు అల్మునేకరు రేవున దిగెను. నేడు ఆ పట్టణమున సముద్రమున కెదురుగ అతని విగ్రహము నిలిచియున్నది.

అప్పుడు స్పెయినును యూసుఫు అనునాతడు పాలించుచుండెను. అతడు కన్యను, కానుకలను ఇచ్చెదనని రాజకుమారుని మరలింప యత్నించెను గాని సంధి పొసగలేదు. 756వ సంవత్సరము మే నెలలో కార్డోవా నగరము చెంత గ్వాదల్కివీరు నదీతీరమున ఇరుసేనలు తలపడినవి. అబ్దుర్ రహమాను సైన్యమునకు జెండా యైనను లేదు. ఒక ఈటెకు తలపాగను కట్టి దానినే ధ్వజముగ నిలిపిరి. అతడు మేలుజాతి గుఱ్ఱము నెక్కియుండుట చూచి, ఓటమి కలిగిన యెడల ఈ యువకుడు తమను విడిచి పారిపోవునని కొందరు సైనికులు గుసగుసలాడిరి. ఆ మాట చెవినిబడినంతనే అతడు కోపింపలేదు. ఆ గుఱ్ఱము తనకు వశమగుటలేదను నెపమున దిగి, ఒక ముసలి కంచరగాడిదను అడిగి తీసికొని దానిపై నెక్కెను. పారిపోవు తలంపు గలవాడు కంచరగాడిద నెక్కడుగదా! సైనికుల సంశయము తీరెను. ఆనాడు విజయము అతనిని వరించెను. ఇరువదియైదేండ్ల ప్రాయమున అబ్దుర్ రహమాను కార్డోవాకు అమీరయ్యెను.

సింహాసనము లభించినను సుఖము లభింపలేదు. అతడు పాలించిన ముప్పదిరెండేండ్లలో తిరుగుబాట్లు లేని కాలము అరుదు. 763వ సంవత్సరమున బాగ్దాదు ఖలీఫా యగు మన్సూరు ప్రేరణచే ఒక సైన్యము అతనిని కర్మోనా కోటలో రెండునెలలు ముట్టడించెను. ఆహారము తరిగిపోవుచుండెను. అతడు ఏడువందల మంది వీరుల నెన్నుకొని, ద్వారముకడ నిప్పు రగిలించి, కత్తుల యొరలను అందు పడవైచి తానును వారితో బయల్వెడలెను. జయమో మరణమో గాని మరల కత్తి ఒరలో చేరదని దాని భావము. శత్రుసైన్యము చెదరిపోయెను. చనిపోయిన సేనానుల శిరస్సులను అతడు మన్సూరునకు పంపించెను. మన్సూరు భయచకితుడై, తమ యిద్దరి నడుమ సముద్ర ముండుట దైవానుగ్రహమని తలచెనట. ఒంటరిగా ఎడారులను సముద్రమును దాటి రాజ్యమును నిర్మించిన యీ శత్రువునకు ఖురేషుల డేగ యను బిరుదు నిచ్చినవాడు కూడ ఆ మన్సూరే యని చరిత్రకారులు వ్రాసిరి.

అబ్దుర్ రహమాను గుణములను చెప్పువారు అతని దోషములను కూడ చెప్పవలయును. విద్రోహభయముచే అతని హృదయము క్రమముగ కఠినమయ్యెను. కుట్ర చేసిన స్వజనులను సైతము వధింపజేసెను. ఆపదలలో నీడవలె వెన్నంటిన బదరుపై ఆగ్రహించి, వాని సంపద నపహరించి దూరముగ సరిహద్దుకు పంపివేసెను. నది దాటించిన తెప్పను ఒడ్డు చేరినపిదప కాలదన్నినట్లు ఈ పని అతని కీర్తికి మచ్చ తెచ్చినది.

ఇట్లు కఠినుడైన ప్రభువు హృదయమున ఒక మూల చిన్ననాటి సిరియా నిలిచియుండెను. కార్డోవాకు వెలుపల అతడు ఒక తోటను, భవనమును నిర్మించి దానికి తాతగారి భవనముపేర రుసాఫా యని నామకరణము చేసెను. సిరియానుండి విత్తనములను, మొక్కలను తెప్పించి అందు నాటించెను. వానిలో ఒక ఖర్జూరవృక్షము కలదు. పడమటి నేలపై ఒంటరిగ నిలిచిన ఆ చెట్టును తనవలె స్వదేశమునకు దూరమైనదిగా భావించి అతడు పద్యములు రచించెను. సిరియానుండి వచ్చిన మేలిదానిమ్మ విత్తులను సఫరు అనునాతడు మొలకెత్తించి పండించగా, ఆ జాతికి సఫరీ యను పేరు కలిగెను. స్పెయినులో ఆ దానిమ్మపేరు నేటికిని వినబడును.

జీవితాంతమున అతడు తలపెట్టిన మహాకార్యము కార్డోవా మసీదు. 785వ సంవత్సర ప్రాంతమున దాని నిర్మాణము ప్రారంభమయ్యెను. పాత రోమనుల కట్టడములనుండియు, విసిగోతుల కట్టడములనుండియు స్తంభములను తెచ్చిరి. కాని ఆ స్తంభములు పొట్టివి. ఒకదాని పొడవు ఒకదానికి సరిపోదు. విశాలమైన మందిరమునకు కప్పు ఎత్తుగ నుండనిచో గాలి వెలుతురు చాలవు. శిల్పులు ఒక యుపాయము పన్నిరి. పొడవైన స్తంభములను నేలలో కొంత దింపి, పొట్టివానికి పీఠము లమర్చిరి. ప్రతి స్తంభముపై రాతిదిమ్మను నిలిపి, క్రింద ఒక కమానును, దానిపైన మరియొక కమానును కట్టిరి. క్రింది కమాను స్తంభములను ఒరుగనీయక పట్టియుంచును. పై కమాను కప్పు భారమును మోయును. ఎఱ్ఱని యిటుకలను, లేతవన్నె రాళ్ళను మార్చి మార్చి పేర్చుటచే కమానులకు చారలు కలిగినవి. గుఱ్ఱపులాడమువంటి కమానులను విసిగోతులు అంతకుముందే యెరుగుదురు. సిరియా యాలోచన, రోమను స్తంభము, స్పెయిను పనివాని చేయి ఒకచోట కలిసినవి. కొరతయే క్రొత్త యందమునకు కారణమైనది.

788వ సంవత్సరమున అబ్దుర్ రహమాను మరణించెను. కుమారుడు హిషాము మసీదును పూర్తి గావించెను. తరువాతి ప్రభువులు రెండు వందల యేండ్లపాటు దానిని విస్తరింపజేసినను, మొదటి కమానుల తీరునే అనుసరించిరి. 1236లో క్రైస్తవరాజగు మూడవ ఫెర్డినాండు కార్డోవాను జయింపగా మసీదు క్రైస్తవాలయ మయ్యెను. పదునారవ శతాబ్దమున దాని నడుమ ఒక పెద్ద చర్చిని కట్టిరి. అయినను ఎనిమిది వందల యేబదికి పైగా స్తంభములు నేటికిని వనమువలె నిలిచియున్నవి. 1984లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. అనేక దేశముల విద్యార్థులు యాత్రగా వచ్చి ఈ జంటకమానుల మర్మమును పరిశీలించుచుందురు.

అట్టి యాత్రికులు భోజనశాలలో కూడ మూరుల చరిత్రను చదువగలరు. అబ్దుర్ రహమాను నాటిన తోట ఒక్కటితో ఆగలేదు. అతని వెనుకటి శతాబ్దములలో వరి, చెఱకు, వంగ, నారింజ మున్నగు పైరులు తూర్పునుండి స్పెయినునకు చేరినవి. కాలువలు త్రవ్వి, నీటిచక్రములు నిలిపి మూరులు వానిని పండించిరి. 822లో జిర్యాబు అను గాయకుడు కార్డోవాకు వచ్చి, పదార్థముల నన్నిటిని ఒక్కసారి కుప్పవోయక వరుసగ వడ్డించు పద్ధతిని నేర్పెనని చెప్పుదురు. స్పెయినువారు పంచదారను అసూకారని యందురు. మన శర్కర పారసీకమునకు పోయి, అరబ్బీలో సుక్కరై, ఆ రూపము దాల్చినది. వారి నారింజపేరునకు మన నారంగ శబ్దమే మూలము. ఇట్లు భారతభూమిలో పుట్టిన మాటలు మూరుల యోడలెక్కి అట్లాంటికు తీరమును చేరినవి.

అబ్దుర్ రహమాను ఖడ్గముతో గెలిచిన రాజ్యము 1031లో ఛిన్నాభిన్నమయ్యెను. అతని వంశము అంతరించినది. రుసాఫా భవనము శిథిలమైనది. కాని అతడు పునాది వేసిన స్తంభముల నీడయు, అతడు ప్రేమించిన ఖర్జూరము, దానిమ్మయు ఆ నేలయందు నిలిచియున్నవి. సర్వమును కోల్పోయి పరదేశమున కాలిడిన మానవుడు తనతో తెచ్చుకొన్న జ్ఞాపకములతో ఆ దేశమునే సుసంపన్నము చేయగలడని అతని చరిత్ర తెలుపుచున్నది.